నామినీ సుస్మిత

పోయినవారం రామతులసిని మనం కుళాయి దగ్గర వదిలిపెట్టాం. మొగుడు బాబీ చొక్కా నానబెట్టబోతూ జేబు తడిమితే ఆమె చేతికి కొత్త పాస్‌బుక్ తగిలింది. తమకు అప్పున్న బ్యాంకుది కాదు, ఏ సంబంధమూ లేని ఇంకో బ్యాంకుది. మొదటి పేజీలో బాబీ ఫోటో, దాని కింద నామినీ అన్నచోట ఒక పేరు. పదమూడేళ్లు కాపురం చేసిన పెళ్లాం పేరు కాదు. సుస్మిత.

ఆ శనివారం చొక్కా నానలేదు. బాబీని ఆమె ఒక్క మాటా అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడు, ఆ అబద్ధం నమ్మాలనిపిస్తుంది. అదే భయం. అందుకని పాస్‌బుక్ వెనక అట్ట మీది రబ్బరు స్టాంపు చదివి, దాన్ని తన దగ్గరే దాచుకుంది. గుణదల, బ్యాంకు సేవా కేంద్రం.

సోమవారం పొద్దున పదింటికి రామతులసి ఆ కేంద్రం ముందు ఆటో దిగింది.

దిగి, బోర్డు చూసి, అక్కడే ఆగిపోయింది.

నీలం రేకు మీద తెల్లటి అక్షరాలు. అక్షరాలకు రెండు వైపులా తామరపూలు. పైన ముక్కూ ముక్కూ ఆనించుకున్న రెండు చిలకలు. ఆటోనగర్‌లో లారీ బాడీల మీద బొమ్మలేసేవాళ్లు వందమంది ఉంటారు. చిలక రెక్కలో మూడో ఈకకు మాత్రం ఎర్రరంగు వేసేవాడు ఒక్కడే. పెళ్లయిన ఏడాది ఆమె బీరువా తలుపు మీద ఆ చిలకలు వేసి, "ఇవి లారీలకు వెయ్యను తులసీ, మనింటికే" అన్నాడు బాబీ. మాట నిలబెట్టుకున్నాడు. ఏ లారీకీ వెయ్యలేదు.

ఆమె పైట చెంగు నడుముకు దోపుకుని లోపలికి నడిచింది.

చిన్న గది. ఒక బల్ల, ల్యాప్‌టాప్, వేలిముద్రల మిషను, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఒక కుర్చీలో పింఛను కోసం వచ్చిన ముసలావిడ అమలమ్మ, ఒళ్లో చేతిసంచితో తీరిగ్గా కూర్చుని ఉంది. బల్ల వెనక సుస్మిత.

రెండు రాత్రులుగా తులసి ఆ మనిషిని ఊహించుకుంటూనే ఉంది. జారే పైట, పెదాలకు రంగు, చేతినిండా గాజులు. ఎదురుగా ఉన్నది అలాంటి మనిషి కాదు. ముప్పై రెండేళ్లుంటాయేమో. నూలు చుడీదారు, కళ్లజోడు, గట్టిగా ముడేసిన జుట్టు. ముఖంలో అలసట. అందగత్తె అయినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది.

"చెప్పండక్కా" అంది సుస్మిత.

అక్కట! తులసి పళ్లు నూరుకుంది.

"ఖాతా తెరవాలి. రేపు కంపెనీలో జీతం పడుద్ది."

అది సాకు కాదు. నిజంగానే తెరవాలి. పటమటలో పచ్చళ్ల కంపెనీలో వెల్లుల్లి వలిచే పనికి చేరి మూడు నెలలు కావస్తోంది. రెండు జీతాలూ పాత ఖాతాలో పడ్డ గంటలోపే మాయమయ్యాయి. బాబీ సొంత షెడ్డు కోసం తీసుకున్న లోను మీద ఆమె కూడా సంతకం పెట్టింది. షెడ్డు మూతపడింది, బాబీ ఇప్పుడు వేరేవాళ్ల షెడ్డులో కూలికి రంగులేస్తున్నాడు, బ్యాంకు మాత్రం తులసికి తెలిసినంతలో ఇద్దరి జీతాలనూ వచ్చినవి వచ్చినట్టు వాయిదాల కింద లాగేసుకుంటోంది. ఇంటి అద్దె రెండు నెలలు బాకీ. ఇల్లుగలాయన ఐదో తారీఖు దాకా చూస్తానన్నాడు, ఆ తర్వాత సామాను వీధిలో పెడతానన్నాడు. కంపెనీ యజమానురాలు సంపూర్ణమ్మ గారు నిన్నే తేల్చి చెప్పింది. "ఎల్లుండి ఒకటో తారీఖు. రేపు సాయంత్రంలోపు వేరే ఖాతా నంబరు తెచ్చియ్యి, దాంట్లో వేస్తా. తేలేదనుకో, పాతదాంట్లోనే పడుద్ది. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవొద్దు."

"ఏ ఖాతా కావాలక్కా?" సుస్మిత అడిగింది.

"ఎన్ని రకాలున్నాయేంటి?"

"మామూలుదైతే కనీసం ఇంతని ఉంచాలి, తగ్గితే కోత కోస్తారు. బేసిక్ ఖాతా అయితే సున్నా ఉన్నా ఎవరూ అడగరు. ఏటీఎం కార్డిస్తారు. నెలకు నాలుగుసార్లు డబ్బు తీసుకోవచ్చు. జీతం పడటానికీ, తీసుకోవడానికీ అది చాలు." కళ్లజోడు పైకి తోసుకుంది. "మీకు ఎక్కడన్నా అప్పుందా?"

"ఉంటే నీకెందుకు?"

"ఉంటే ఆ బ్యాంకులో మాత్రం కొత్తది తెరవకూడదు. ఆ గుంజకే ఇంకో తాడు కట్టినట్టవుద్ది. ఇక్కడ లేదుగా? అయితే బేసిక్‌ది తీసుకోండి. ఓవర్‌డ్రాఫ్టు ఇస్తామంటే వద్దనండి, అదీ అప్పే. ఈ ఖాతా నంబరు మీ కంపెనీకి తప్ప ఎవరికీ ఇవ్వకండి. ఫోన్లో అప్పులిచ్చే యాప్‌లకైతే అసలు ఇవ్వొద్దు."

"అంటే బాకీ ఎగ్గొట్టమంటావు."

"లేదక్కా. ముందు అద్దె కట్టండి, బియ్యం కొనుక్కోండి. మిగిలింది తీసుకుని మీరే ఆ బ్యాంకుకెళ్లి ఇంతే కట్టగలనని అర్జీ రాసివ్వండి. వాళ్లు లాక్కోవడం వేరు, మీరెళ్లి కట్టడం వేరు."

తులసికి ఒళ్లు మండింది. ఇంత మంచి మాట ఈ నోటి నుంచే రావాలా? రెండు నెలలుగా తను తల బాదుకుంటున్న ముడిని ఈవిడ అరటిపండు ఒలిచినట్టు ఒలిచి చేతిలో పెట్టింది. బాబీ కూడా ఇలాగే ఈ కుర్చీలోనే కూర్చుని, ఈ గొంతే విని, హమ్మయ్య అనుకుని ఉంటాడు.

"అప్పుల సంగతి నీకు బాగానే తెలిసినట్టుందే."

"నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది అప్పులున్నవాళ్లేనక్కా. మొన్నీమధ్య ఒకాయన మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని ఏడ్చాడు. లారీలకు రంగులేసే మనిషి. నెలంతా ఎండలో నిలబడి పనిచేస్తే చేతికి రూపాయి రావట్లేదని వెక్కివెక్కి ఏడ్చాడు."

కుర్చీ చేతుల మీద తులసి వేళ్లు బిగుసుకున్నాయి. షెడ్డు మూసిన రోజున బాబీ ఏడవలేదు. తల్లి పోయిన రోజున ఏడవలేదు. పదమూడేళ్లలో ఆ మనిషి కంట్లో నీటిచుక్క చూడలేదు ఆమె. ఉన్నదంతా ఇక్కడికి తెచ్చి ఈవిడ ముందు ఒలకబోశాడన్నమాట.

"ఆధార్ ఇవ్వండక్కా."

తులసి కార్డు బల్ల మీదికి విసిరినట్టు పెట్టింది. సుస్మిత అంకెలు కొడుతూ పేరు చదివింది. భర్త పేరు చదివింది. కీబోర్డు మీద వేళ్లు ఆగిపోయాయి.

"మీరు... తులసక్కా?"

"నా పేరు కూడా తెలుసా?"

"తెలుసు."

"ఇంకేం తెలుసు?"

సుస్మిత తడబడింది. "మీకు వంకాయ పడదని తెలుసు. ఆవకాయ మీ చేత్తో కలిపితే ఏడాదైనా చెడదని తెలుసు."

తులసి పాస్‌బుక్ తీసి బల్ల మీద చరిచింది. "మరి దీంట్లో నా పేరుండాల్సిన చోట నీ పేరెందుకుందో కూడా తెలిసే ఉంటుందిగా. చెప్పు!"

అమలమ్మ చేతిసంచి సర్దుకుంటూ సగం లేచింది. "నన్ను బయట కూర్చోమంటావా సుస్మితమ్మా?"

"మీరుండండి" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అమలమ్మ సంతోషంగా కూర్చుంది.

"మా ఆయన పేరు ఎలీషా" అంది సుస్మిత నెమ్మదిగా. "లారీలకు వైరింగ్ చేసేవాడు. బాబీ గారూ ఆయనా ఒకే షెడ్డులో పనిచేశారు. రెండేళ్ల కింద హనుమాన్ జంక్షన్ దగ్గర యాక్సిడెంట్‌లో పోయాడు. ఇన్సూరెన్స్ డబ్బొచ్చింది. దాంట్లో రెండు లక్షలు షెడ్డు కోసమని బాబీ అడిగితే ఇచ్చాను."

బాబీ పక్కన 'గారు' ఎక్కడ రాలిపోయిందో తులసి చెవి పట్టేసింది.

"రెండు లక్షలా?"

"మీకు తెలీదా?"

తెలీదు. బ్యాంకు లోను తెలుసు. క్రెడిట్ కార్డు తెలుసు. రెండు యాప్‌ల సంగతి వాళ్లు చుట్టాలందరికీ ఫోన్లు చేసి తిట్టినప్పుడు తెలిసింది. నాలుగప్పులు. అయిదోది కళ్లజోడు పెట్టుకుని ఎదురుగా కూర్చుందని ఇప్పుడే తెలుస్తోంది.

"బాబీ జీతం ఈ కొత్త ఖాతాలో పడేట్టు నేనే చేయించా. నాకివ్వాల్సింది నెలకు కొంచెం దాంట్లో ఆపుతున్నాడు. తనకేమన్నా అయితే నా డబ్బు నాకు చేరాలని నామినీగా నా పేరు రాయించాడు. నేను వద్దనే అన్నా."

"ఆ మాట నాతో అంటే నేను కాదంటానా?"

"మీకు చెబితే ఒంటి మీద మిగిలిన బంగారం కూడా తీసి బల్ల మీద పెట్టేస్తారంట. అందుకని చెప్పలేదంట."

ఇంకొకరైతే ఆ మాటకు మెత్తబడేవాళ్లు. తులసికి మంట రెండింతలైంది. నిజమే, తీసి పెట్టేసేది. తన మనసు ఎలాంటిదో మొగుడికి తెలుసు. తెలిసిన ఆ సంగతిని తనకు చెప్పకుండా తీసుకొచ్చి ఈవిడకు చెప్పుకున్నాడు. ఇంకో ఆడదాని పక్కన పడుకున్నాడంటే ఇంట్లోంచి గెంటేసేది. తన కష్టమంతా ఇంకో ఆడదాని ముందు పరుచుకున్న మొగుణ్ని ఏం చెయ్యాలి? దేనితో కొట్టాలి?

"ఖాతా తెరవమంటారా, వెళ్లిపోతారా?" సుస్మిత గొంతు కూడా గట్టిపడింది. "మీకు నేనంటే గిట్టదు. సరే. కానీ రేపు పడే జీతం నా మీద మీకున్న కోపం చూసి ఆగదు."

తులసి లేవబోయి ఆగింది. వీధిలో సామాను కళ్ల ముందు కదిలింది. కూర్చుంది.

"తెరువు."

"వేలు పెట్టండి."

బొటనవేలు పెట్టింది. మిషను ఎర్రగా వెలిగి కీచుమంది. చూపుడువేలు పెట్టింది. కీచు. మూడు నెలలుగా రోజుకు పదికిలోల వెల్లుల్లి వలిచిన వేళ్లు. గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి.

"తలకి రుద్దు పిల్లా!" అంది అమలమ్మ. "జుట్టు నూనె అంటితే పడుద్ది. నేను ప్రతినెలా అంతే."

తులసి జుట్టుకు రుద్దుకుని మళ్లీ పెట్టింది. పది వేళ్లూ అయ్యాయి. ఒక్కటీ పడలేదు.

"ఓటీపీతో చేద్దాం" అంది సుస్మిత. "ఆధార్‌కున్న ఫోన్ నంబరు చివర నలభై రెండేనా?"

ఆ నంబరు బాబీది. ఆధార్ తీసుకున్నప్పుడు ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. తులసికి, అత్తగారికి, కూతురికి, అందరికీ ఆ నంబరే రాయించాడు బాబీ. తర్వాత మార్పించుకోవాలని ఎవరికీ తోచలేదు. "వద్దు, ఆగు" అని తులసి అనేలోపే సుస్మిత వేలు మీట నొక్కేసింది.

పావుగంట గడిచింది. ఫోన్ చేసి అంకెలడగడానికి తులసికి అభిమానం అడ్డొచ్చింది. నేను చెయ్యనా అని సుస్మిత చెయ్యి చాపితే, "నువ్వు మాత్రం చెయ్యకు" అని అరిచింది. ఇంతలో బయట బైకు ఆగింది. చేతుల నిండా పచ్చరంగుతో బాబీ పరుగున లోపలికొచ్చాడు. అతని చూపు నేరుగా బల్ల వెనక్కే వెళ్లింది.

"సుస్మితా! ఎవడో తులసి ఆధార్‌తో ఏదో చేస్తున్నాడు. ఓటీపీ వచ్చింది. కొంచెం చూడు, తొందరగా..."

"ఆ ఎవడో నేనే" అంది తులసి కుర్చీలోంచి.

బాబీ తిరిగి చూశాడు.

"పెళ్లాం ఆధార్‌కి ఏదో అవుతోందని పెళ్లానికి ఫోన్ చెయ్యవు. ఇక్కడికి పరిగెత్తుకొస్తావు. కాళ్లకు ఈ దారి బాగా అలవాటైనట్టుందే!"

"కంపెనీలో ఫోన్ ఎత్తనివ్వరుగా తులసీ, అందుకని..."

"షెడ్డు కోసం ఈవిడ దగ్గర రెండు లక్షలు తీసుకున్నప్పుడు కూడా నేను ఫోన్ ఎత్తలేదా? ఈ కుర్చీలో కూర్చుని ఏడ్చినప్పుడు కూడా ఎత్తలేదా? ఈ బోర్డు మీద చిలకలు వేసినప్పుడో?"

బాబీ సుస్మిత వైపు చూశాడు. సుస్మిత తల దించుకుంది. ఆ చూపూ, ఆ తల దించుకోవడమూ తులసి గుండెల్లో రెండు మేకులు దిగ్గొట్టాయి.

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం" అన్నాడు బాబీ.

"ఇల్లుంటే కదా! ఓటీపీ చెప్పు."

"ఎందుకు?"

"నా జీతం నాకు రావడానికి. చెప్పవయ్యా!"

రంగు చేత్తో ఫోన్ తీసి అంకెలు చదివాడు. "టైమైపోయింది, మళ్లీ పంపిస్తా" అంది సుస్మిత. మళ్లీ వచ్చింది. మళ్లీ చదివాడు. అతని గొంతు వణికింది. మొదట తులసి అది సిగ్గనుకుంది.

సుస్మిత అంకెలు కొట్టి తెరలోకి చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"అక్కా, మీకు ఈ బ్యాంకులో ఇప్పటికే ఖాతా ఉంది."

"ఈ బ్యాంకు గడప తొక్కడం ఇదే మొదలు."

"మీ ఆధార్ మీదే ఉంది. మైలవరం బ్రాంచిలో. ఎనిమిది నెలల కింద తెరిచారు. అదీ బేసిక్ ఖాతానే. ఒక మనిషికి ఒకటే ఇస్తారక్కా. అది ఉండగా కొత్తది రాదు."

తులసికి ముందు అర్థమైంది ఒకటే. రేపటి జీతం మళ్లీ పాత గోతిలోకే పోతుంది. ఐదో తారీఖున సామాను వీధిలో ఉంటుంది.

"తప్పు పడుంటది. నేను మైలవరం ఎప్పుడెళ్లాను? తీసెయ్యి దాన్ని!"

"తప్పు కాదక్కా, ఇది నడుస్తున్న ఖాతా. మొన్న శుక్రవారం కూడా డబ్బు పడింది, తీసుకున్నారు." సుస్మిత మాట తగ్గించింది. "మీ వేలిముద్రయినా పడుండాలి, ఓటీపీ అయినా వెళ్లుండాలి. రెండూ లేకుండా ఇది తెరవడం కుదరదు."

తులసి మెల్లగా మొగుడి వైపు తిరిగింది. బాబీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇది సిగ్గు కాదు. ఒక్కో అడుగు వేసుకుంటూ వెనక్కి, తలుపు వైపు జరుగుతున్నాడు.

"ఖాతా తెరిచిన రోజు అక్కడివాళ్లు ఫోటో తీస్తారు" అంది సుస్మిత. "చూస్తా ఉండండి."

ఏదో నొక్కింది. తెరలో చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ల్యాప్‌టాప్‌ను ఇద్దరికీ కనబడేట్టు తిప్పింది.

పైన పేరు రామతులసి. పుట్టిన తేదీ రామతులసిది. భర్త పేరు బాబీది. ఫోటోలో ఉన్నది మాత్రం వేరే మనిషి. పాతికేళ్లు దాటి ఉండవు. తలలో చెండు, ముక్కుకు చిన్న రాయి. ఫోటో తీస్తున్నవాడి వైపు కాకుండా, అతని పక్కనెవరో నిలబడి నవ్విస్తుంటే చూసినట్టుగా ఆ కళ్లు కొంచెం పక్కకు తిరిగి మెరుస్తున్నాయి.

"శివపార్వతి..." అన్నాడు బాబీ.

ఎవరికీ చెప్పాలని అన్నది కాదు, నోరు జారింది. ఆ పేరు పలికిన మెత్తదనం తులసి ఎప్పుడో పెళ్లయిన కొత్తలో విన్నది. తర్వాత వినలేదు.

ఆమె దిక్కుతోచక సుస్మిత వైపు చూసింది. తన మొగుడి గురించి తనకు తెలియనిదంతా తెలిసిన మనిషి కదా, ఇదీ తెలిసే ఉంటుందని ఒక్క క్షణం ఆశపడింది.

సుస్మిత కుర్చీలోంచి లేచి నిలబడింది. కళ్లజోడు బల్ల మీద పడింది, తీసుకోలేదు.

"ఎవరు బాబీ, అది?"

అడిగింది తులసి కాదు, సుస్మిత. ఆ గొంతులో వణుకును తులసి వెంటనే గుర్తుపట్టింది. శనివారం నుంచి అది తన గొంతులో ఉంది. అప్పిచ్చిన మనిషి గొంతు అలా వణకదు.